బహ్రెయిన్‌లో మాకు దొరికిన పగలు

బహ్రెయిన్ ఒక ద్వీపం. చుట్టూ సముద్రమే. ఆ ద్వీపంలో పొద్దున దిగి సాయంత్రం దాకా ఉన్నాను గానీ దాని మట్టి మీద కాలు పెట్టలేదు. మా మదనపల్లె, పుంగనూరు వైపు నుంచి గల్ఫుకు పోయేవాళ్ళలో చాలామంది అక్కడ ఒక విమానం దిగి ఇంకో విమానం ఎక్కుతారు. ఆ నడుమ గంటలు ఎట్లా గడపాలో పోబోయేవాళ్ళు వచ్చి నన్ను అడుగుతుంటారు. తినడానికి ఏం దొరుకుతుంది, ఒక కునుకు తీయవచ్చునా, సముద్రం కనిపిస్తుందా అని. తెలిసింది చెప్పి పంపిస్తాను. ఆ పగలు నాకు ఎట్లా గడిచిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మదనపల్లె

తొంభైల చివరి మాట. మదనపల్లెలో బస్టాండు వెనక సందులో నాకొక టైలరింగు షాపు ఉండేది. ఇల్లు పుంగనూరులో. పొద్దున్నే బస్సెక్కి వచ్చి, పొద్దుగూకేసరికి తిరిగి వెళ్ళేవాణ్ణి. నా భార్య రెడ్డెమ్మ నాకు మేనమామ కూతురు. చేలో బోరు ఎండిపోయి, మామ వాళ్ళు ఆవులను కూడా సంతకు తోలేసిన ఏడు, ఆమె కువైటుకు ఇంటిపనికి పోయింది. అప్పుడు మా పాప హేమకు మూడేళ్ళు.

శుక్రవారం వస్తే రెడ్డెమ్మ నా షాపు పక్కనున్న ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసేది. నెలకొకసారి మా అమ్మ హేమను బస్సులో తీసుకొచ్చేది. పాప ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని, వాళ్ళమ్మ అడిగినదానికల్లా తల ఊపేది. తల ఊపితే అవతలికి ఎట్లా వినిపిస్తుందని బూతులో ఉన్నవాళ్ళంతా నవ్వేవాళ్ళు.

నాలుగో ఏడు కార్తీకమాసంలో హేమకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. తగ్గినట్టే తగ్గి ఒక్కసారిగా మూర్ఛలు పట్టుకున్నాయి. తిరుపతికి తీసుకుపోతుంటే దారిలో, జీపులో, నా ఒళ్ళోనే పోయింది.

రెడ్డెమ్మకు చెప్పలేదు. పరాయి దేశం, పరాయి ఇల్లు, ఏడిస్తే పట్టుకునే దిక్కుండదు, కాంట్రాక్టు ముగిసేదాకా వాళ్ళు పంపరు, ఇంటికి వచ్చాక చెబుదామని పెద్దలందరూ కూర్చుని అనుకున్నారు. ఏ మాటకూ అవుననో కాదనో అనే తెలివి ఆ రోజు నాలో లేదు. ఆ తర్వాత కూడా శుక్రవారాలు వస్తూనే ఉన్నాయి. "పాప యాడుండాది బావా?" అని అడిగేది. "బడికి పోయిండాది" అనేవాణ్ణి. బూతు నడిపే ఆయన నా ముఖం చూడలేక బయటికి వెళ్ళి నిలబడేవాడు.

రెడీమేడు బట్టలు వచ్చాక నా షాపు ఈగలు తోలుకుంటూ ఉండేది. అందుకని పాప పోకముందే దోహాలో దర్జీ పనికి వీసా పెట్టుకుని ఉన్నాను. అది ఇప్పుడు వచ్చింది. రెడ్డెమ్మ ఇంటికి వచ్చే నెలలోనే నేను పోవాలి. పదిహేను రోజులు ఆగుతానంటే కుదరదన్నారు. వదిలేద్దామనుకున్నాను. అయితే రోజూ సాయంత్రం బస్సు దిగి ఆ ఇంట్లోకి పోవడం నావల్ల కావడంలేదు. పోవాలన్న కోరికా లేదు, ఉండాలన్న కోరికా లేదు. ఏదో ఒకటి జరగనీ అనుకున్నాను.

ఆ శుక్రవారం ఫోన్‌లో నా టికెట్టు ఏ రోజుకో, బహ్రెయిన్‌లో ఏ పొద్దుకు దిగుతానో చెప్పాను. ఆమె గట్టిగా నవ్వింది.

"నాదీ అదే దినం బావా! నేనూ బారిన్‌లోనే విమానం మారల్ల. ఈడ కలికిరి గంగులమ్మక్కకు విమానాల సంగతంతా తెలుసు, ఆయక్క నా ఎంటనే వస్తాండాది. పొద్దున నువ్వు దిగుతావు, రవంత పొద్దెక్కినాంక నేను దిగుతా. సాయంత్రం దాకా ఇద్దరమూ ఆడనే. నాలుగేండ్లకు ఒక పగలు దొరికింది గదా, రవ్వంత గూడా దండగ సేయగూడదు. సరేనా?"

"సరే" అన్నాను.

"పాపతో సెప్పు. నాయిన పోయి అమ్మను ఇంటికి అంపిస్తాడని సెప్పు."

పుంగనూరు

ప్రయాణం ముందురోజు మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని నిప్పట్లు కాలుస్తోంది. మా వైపు ఎవరు దూరం పోయినా నిప్పట్లు కట్టి పంపుతారు. బియ్యప్పిండిలో చెనిక్కాయ పప్పులు, కారం వేసి బిళ్ళలుగా తట్టి నూనెలో వేస్తారు. నెల రోజులైనా చెడవు. రెడ్డెమ్మకు అవంటే ప్రాణం. డబ్బా నిండా పెట్టింది. ఇంకో సీసాలో చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి కూరింది.

మా అమ్మ పొయ్యిలోకి చూస్తూనే అంది: "ఆడ నువ్వే సెప్పేసెయ్ నాయనా."

నేను సీసా మూత బిగించాను.

"ఆయమ్మి నగుకుంటా వచ్చి ఈ గడప తొక్కితే నేను ఓర్సుకోలేను. పాప యాడత్తా అని అడుగుతాది. నా నోట్లోనించి ఆ మాట రాదు. మొగుడివి నువ్వుండావు, నువ్వే సెప్పల్ల."

ఇంట్లో గోడకు మేకు మీద హేమ బడిసంచి ఇంకా ఉంది. దాన్ని తీసి ఎక్కడైనా దాచమని అమ్మతో చెబుదామనుకుని, చెప్పకుండానే బయలుదేరాను.

కుప్పం

పుంగనూరు నుంచి పలమనేరు, వెంకటగిరికోట మీదుగా కుప్పం పోయి, అక్కడ మద్రాసు రైలెక్కాలి. మామ మునెప్ప, రెడ్డెమ్మ నాయన, సాగనంపడానికి నాతో వచ్చాడు. మా అమ్మకు ఆయన సొంత తమ్ముడు. వెంకటగిరికోట దాటాక బస్సులో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. టమాటా గంపలతో ఎక్కిన ఒకామె కండక్టరుతో కన్నడంలో పోట్లాడి, పక్కామెతో తమిళంలో నవ్వి, మాతో "రవంత జరగండప్పా" అంది. చుట్టూ గుట్టలన్నీ గ్రానైటు కోసం కోసేసి, కోసిన జున్నుగడ్డల్లా ఉన్నాయి. ఇంకో సమయంలో అయితే ఇవన్నీ మామకు చూపించి ఏదో ఒకటి అనేవాణ్ణి.

కుప్పం స్టేషను ఎదుట మెస్సులో అన్నానికి కూర్చున్నాం. తమిళనాడు దగ్గర కనక సాంబారులో బెల్లం ఉండదు, ముల్లంగి ఎక్కువ. మామ రెండు ముద్దలు కలిపి ఆకు మడిచేశాడు.

"ఆడ సెప్పొద్దు అల్లుడా" అన్నాడు. "ఆడ సెప్తే ఆ బిడ్డ ఇంగ విమానమెక్కుతాదా? యాడన్నా పడిపోతే ఎవురెత్తుతారు? నువ్వు నగుమొగంతో పంపించు. ఇంటికొచ్చినాంక మేమంతా ఉంటాం, మెల్లింగా సెప్తాం."

"అమ్మ సెప్పేయమంటాది మామా."

"మా యక్కకేం తెలుసు? కన్నోణ్ణి నేను సెప్తాండా. నీకు సేతులెత్తి మొక్కుతా."

ఒక తల్లి బిడ్డలే ఇద్దరూ. చెరొక మాట చెప్పి నన్ను రైలెక్కించారు. రైలు కదిలినాక కూడా మామ రెండు చేతులూ జోడించుకునే ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు.

మద్రాసు

మద్రాసు విమానాశ్రయంలో నా నిప్పట్ల డబ్బాను తనిఖీ ఆయన పక్కకు తీశాడు. మూత తీసి, ఇదేమిటని తమిళంలో అడిగాడు. కుప్పం సంతల్లో నేర్చుకున్న తమిళంలో చెప్పాను. "తట్టై దానే!" అని మన నిప్పట్టుకు వాళ్ళ పేరు చెప్పి, ఒకటి విరిచి నోట్లో వేసుకుని, తల ఊపి, ఇంకొకటి తీసుకుని పంపించాడు. లోపల కాఫీ ధర విని కొనకుండా నీళ్ళు తాగాను. ఆ డబ్బుకు మా బస్టాండులో నలుగురం టిఫిన్ చేయవచ్చు.

విమానంలో నా పక్కన మా జిల్లా కలకడ ఊరతను కూర్చున్నాడు. ఊళ్ళో మేకలు మేపేవాడట. సౌదీలో గొర్రెలు కాసే పనికి పోతున్నాడు. బెల్టు ఎట్లా పెట్టుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. ముందు సీటు ఆమె చేసింది చూసి చేశాం.

"మా మేకలు నా గొంతు ఇంటే సాలు, పరిగెత్తుకుంటా వస్తాయప్పా" అన్నాడతను. "ఆ గొర్రెలకు మన మాట తెలుస్తాదంటావా?"

తెలుస్తుందనే అన్నాను. ఆ రోజుల్లో ఎవరేం అడిగినా వాళ్ళకు కావలసిన జవాబు చెప్పడం నాకు అలవాటైపోయింది.

బహ్రెయిన్, పొద్దున

విమానం దిగుతుంటే సముద్రం కనిపించింది. నీలంగా ఉంటుందనుకున్నాను. ఒడ్డు దగ్గర పలచటి ఆకుపచ్చగా, మజ్జిగ తేటలాగా ఉంది. తర్వాత మమ్మల్ని ఒక పెద్ద హాల్లోకి పంపారు. విమానం మారేవాళ్ళు ఆ హాలు దాటి బయటికి పోకూడదు. ఎండ, రోడ్లు, తాటిచెట్లలాంటి ఖర్జూర చెట్లు అద్దాల అవతలే. లోపల మాత్రం చలి. మేడ మీద మేడలా బంగారం అంగళ్ళు, సెంటు అంగళ్ళు. నేల మీద పరిచిన తివాచీ మీద మనవాళ్ళు వరసగా పడుకుని నిద్రపోతున్నారు. చెప్పులు తల కింద పెట్టుకున్నారు. మన బస్టాండుకూ దానికీ నాకు ఆ ఒక్క పోలికే కనిపించింది.

కలకడ అతని విమానం ముందే వచ్చింది. నా చేయి పట్టుకుని ఊపి, గుంపులో కలిసిపోయాడు. కువైటు విమానం జనం వచ్చే మెట్ల ఎదురుగా ఒక కుర్చీ చూసుకుని కూర్చున్నాను. డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాను. అమ్మ మాట ఒక పక్క, మామ మాట ఒక పక్క. చెబితే ఏ మాటతో మొదలుపెట్టాలి? చెప్పకపోతే సాయంత్రం దాకా ఏ ముఖంతో నవ్వాలి? ఏదీ తేలలేదు.

బహ్రెయిన్, మధ్యాహ్నం

మెట్ల మీద నుంచి నల్ల బురఖాలో ఎవరో నాకేసి పరుగున వస్తుంటే, దారి ఇద్దామని పక్కకు జరిగాను.

"బావా! నేనే!"

రెడ్డెమ్మ ముసుగు వెనక్కి తోసి నవ్వుతోంది. నాలుగేళ్ళు ఎండ తగలక తెల్లబడింది. చేతుల చర్మం మాత్రం సబ్బుకు నాని పగిలి ఉంది. మా వైపు మొగుడూ పెళ్ళాం నలుగురిలో చేతులు పట్టుకోరు. అక్కడ తెల్లవాళ్ళు కౌగిలించుకుంటున్నారు, మేము మాత్రం మూరెడు దూరంలో నిలబడ్డాం. ఆమె నా చొక్కా అంచు పట్టుకుని చూసింది.

"ఇది నువ్వు కుట్టిందేనా? కాలరు వంకర పొయ్యింది సూడు."

వెనకాలే ఇంకో ఆమె రెండు సంచులు మోసుకుంటూ వచ్చింది. కలికిరి గంగులమ్మ. నలభై ఏళ్ళుంటాయి. ఐదేళ్ళ తర్వాత నెలన్నర సెలవు మీద ఇంటికి పోతోంది. మళ్ళీ కువైటుకు తిరిగి రావాలి. "నీ పెండ్లాము మూడు దినాలుగా నిద్దర పోలేదన్నా, నన్నూ పోనీలేదు" అంది.

రెడ్డెమ్మ నిజంగానే ఆ పగలును కొంచెం కూడా దండగ చేయకూడదని వచ్చింది. కదిలే మెట్లు నేను ఎక్కలేనంటే సంచి నాకిచ్చి తను ముందు ఎక్కి, "కుడికాలు పెట్టు, కిందికి సూడొద్దు" అని నేర్పించింది. లాటరీకి పెట్టిన ఎర్రకారు ఒకటి హాలు నడుమ మెరుస్తోంది. దాని పక్కన ఇద్దరం నిలబడితే గంగులమ్మ రీలు కెమెరాతో ఫోటో తీసింది. టీ అంగడి కేరళవాడితో రెడ్డెమ్మ అరబ్బీలో గలగలా మాట్లాడి, మూడు టీలు తెచ్చింది. ఒక్కో టీ ధర మనం ప్యాంటు కుట్టే కూలికంటే ఎక్కువ. పుంగనూరులో కొత్తవాళ్ళ ముందు నోరెత్తని మనిషి, ఇంకో భాషలో బేరమాడుతుంటే నేను చూస్తూ ఉండిపోయాను.

అద్దాల పక్కన నేల మీదే కూర్చుని తిన్నాం. ఆమె దాచి తెచ్చిన ఖుబూస్ రొట్టెలు, కోడికూర. నేను తెచ్చిన నిప్పట్లు, ఊరిబిండి. నిప్పట్టు కొరికి రెడ్డెమ్మ కళ్ళు మూసుకుంది.

"అత్త సేతివే. కారం ఎక్కువ ఏసిండాది." తర్వాత సముద్రం వైపు చూసి, "మల్లా ఒగసారి ముగ్గురం వస్తే, ఆ నీళ్ళ కాడికి పోవాల బావా. పాపకు సూపించల్ల" అంది.

చెబుదామని నోరు తెరిచాను. "అక్కా, మీ బిడ్డలెంతమంది?" అని గంగులమ్మను అడిగాను. నాకే ఆశ్చర్యమేసింది, ఆ మాట ఎందుకొచ్చిందో.

"ఇద్దరన్నా. పెద్దది ఆడపిల్ల, పదేండ్లు. సిన్నోడు నన్ను ఆనవాలు పడతాడో లేదో" అంది.

ఇంకోసారి చెబుదామనుకున్నాను. అంతలో పైనుంచి ఏదో ఊరి విమానం గురించి కేక వినిపించింది. రెడ్డెమ్మ మాట్లాడుతూనే ఉంది. పశువులు, అత్త మోకాళ్ళ నొప్పి, కువైటు ఇంటి ముసలామె తనను ఎట్లా చూసుకునేదో, ఎప్పుడు తిట్టేదో. ఆ గంటసేపు ఆమె ఎంత సంతోషంగా ఉందో నేను చెప్పలేను. మా పెళ్ళిలో కూడా అంతగా నవ్వలేదు. ఆ నవ్వును ఇంకొంచెంసేపు ఉండనిద్దామని ఒక మనసు, పాపం తెలియక నవ్వుతోందే అని ఇంకో మనసు.

అప్పుడు సంచి జిప్పు తీసింది. బుట్టబొమ్మలాంటి గౌను, రిబ్బన్లు, రంగు పెన్సిళ్ళు ఒక్కొక్కటే తీసి నేల మీద పేర్చింది. చివరికి రెండు అట్టపెట్టెలు. రెండింట్లోనూ ఒకే రకం ఎర్ర బూట్లు, ఒక జత చిన్నవి, ఒక జత కొంచెం పెద్దవి.

"కాలు ఎంతుంటాదో తెలీదు గదా. ఫోన్లో అడిగితే తల ఊపుతాదాయె. అందుకే రెండు సైజులు తెచ్చినా. నువ్వు కొలతల మనిసివి గదా బావా, నువ్వు సెప్పు. ఏది సరిపోతాది?"

నేను ఆ బూట్ల వైపు చూశాను. గంగులమ్మ నా ముఖం చూసి చేతిలో గ్లాసు కింద పెట్టేసింది.

"ఏమి బావా?"

"హేమ లేదు రెడ్డెమ్మా."

"యాడికి పోయింది?"

అప్పుడు చెప్పాను. జ్వరం, జీపు, తిరుపతి దారి. ఎన్నో మాటలు ఆలోచించుకున్నాను గానీ, నాలుగు ముక్కల్లో అయిపోయింది.

ఆమె ఏడవలేదు. చిన్న బూట్లను పెట్టెలో పెట్టి మూత వేసింది. "ఎప్పుడు?" అంది.

"కార్తీకంలో."

కాసేపు వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది. "కార్తీకం అయినాంక నేను ఎన్ని తూర్లు ఫోన్ జేస్తిని! బడికి పోయిందంటివే. బాగుండాదంటివే. మీరంతా ఒగరినొగరు పట్టుకుని ఏడిస్తిరి. నేను ఆడ నగుకుంటా ఉంటిని బావా. సినిమా పాటలు పాడుకుంటా గిన్నెలు తోమితిని. నా బిడ్డ మట్టిలో ఉంటే నేను ఇన్నాళ్ళూ సంతోసంగా ఉంటినే!"

అప్పుడు అరిచింది. ఆ అరుపు మన ఊళ్ళలో చావు ఇంటి ముందు వినే అరుపే. అక్కడ, ఆ మెరిసే అంగళ్ళ నడుమ, దానికి చోటు లేదు. పడుకున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. ఒక పోలీసు ఆయన వచ్చి ఏమయిందో అరబ్బీలో అడిగాడు. గంగులమ్మ ఒక్క మాట చెప్పింది. ఆయన టోపీ తీసి వెనక్కి పోయాడు.

నమాజు గది ముందు

మన దగ్గర చావు కబురు తెలిస్తే వీధి ఆడవాళ్ళంతా వచ్చి చుట్టూ కూర్చుంటారు. పిలవనక్కర్లేదు. అక్కడ ఎవరొస్తారని భయపడ్డాను. వచ్చారు. నేల తుడిచే ఇద్దరు శ్రీలంక ఆడవాళ్ళు చీపుర్లు పక్కన పెట్టి వచ్చారు. రెడ్డెమ్మతో విమానం దిగిన రాయచోటి ముసలామె వచ్చింది. ఎవరో నల్ల ముసుగు అరబ్బు ఆవిడ తన నీళ్ళసీసా తెచ్చి రెడ్డెమ్మ ముఖం తుడిచింది. ఆడవాళ్ళు నమాజు చేసుకునే గది ఒకటి ఆ పక్కనే ఉంది. అందరూ కలిసి ఆమెను లేపి అందులోకి తీసుకుపోయారు. తలుపు మూసుకుంది. మగవాళ్ళు లోపలికి పోకూడదు.

నేను బయట నిలబడ్డాను. లోపలి ఏడుపు వినిపిస్తూనే ఉంది. ఒకరిది కాదు, నాలుగైదు గొంతులు. వాళ్ళలో ఎవరెవరు ఎవరెవరి కోసం ఏడుస్తున్నారో నాకు తెలియదు. తివాచీ మీద రంగు పెన్సిళ్ళు అట్లాగే పడి ఉన్నాయి. గౌను మడతపెట్టి సంచిలో పెట్టాను.

దోహా పోకూడదు, రెడ్డెమ్మతో వెనక్కి పోవాలి అనుకున్నాను. టికెట్ల బల్ల దగ్గర మంగళూరు అమ్మాయి ఉంది. హిందీ కొంచెం, చేతి సైగలు కొంచెం కలిపి చెప్పాను. ఆ అమ్మాయి చాలాసేపు కంప్యూటరులో వెతికింది, ఎవరికో ఫోన్ చేసింది. మద్రాసు విమానంలో ఒక్క సీటు కూడా లేదంది. ఎవరైనా రాకపోతే చూద్దామంది. "ఆమెకు ఎవరైనా తోడున్నారా?" అని అడిగింది. తోడు పోవాల్సినవాణ్ణి నేనే అని చెప్పడానికి హిందీ రాలేదు.

తిరిగి వచ్చేసరికి రెడ్డెమ్మ గది బయట గోడకానుకుని కూర్చుని ఉంది. బురఖా తీసేసింది. లోపల పాత నూలుచీర. గంగులమ్మ ఆమె తల తన భుజానికి ఆనించుకుంది.

"సీటుకు అడిగినా. దొరకకపోయినా ఈడనే ఉంటా. రేపో మాపో వచ్చే దాంట్లో ఎక్కి వస్తా" అన్నాను.

ఆమె తల ఎత్తలేదు.

"నువ్వు నా ఎంట రావద్దు."

"రెడ్డెమ్మా..."

"ఆ పొద్దు నువ్వుంటివి. నీ ఒళ్ళో పోయింది. ఎత్తుకుంటివి, స్నానం పోస్తివి, మన్నేస్తివి. నాకేమీ లేదు. నేను పోయి ఆ మట్టి సూసుకుంటా. ఈ ఒక్కటన్నా నన్ను ఒంటిగా సేసుకోనీ. నువ్వు పక్కనుంటే నేను నీ మొగమే సూడల్ల."

అక్కడే చతికిలబడ్డాను. ఇద్దరి మధ్యా సంచి ఉంది. మిగిలిన పగలంతా అట్లాగే పోయింది. ఒకసారి ఆమె చెయ్యి చాపి నా చొక్కా కాలరు సరిచేసింది. ఆ చేతిని పట్టుకోబోతే తీసేసుకుంది.

దోహా విమానానికి పిలుపు వచ్చింది. లేచి నిలబడ్డాను. గంగులమ్మ నాతో నాలుగు అడుగులు నడిచి వచ్చింది.

"పోప్పా. నేనుండా. మద్రాసులో దించి ఇడిసిపెట్టే దాన్ని గాదు. మీ ఇంటి గడప కాడికి తీసకపోయి, మీ యమ్మ సేతిలో పెట్టి, ఆమె ఇంత గంజి తాగినాంకనే నేను కలికిరి బస్సెక్కుతా. నా బిడ్డల మీద ఒట్టు."

దోహాకు మళ్ళీ సముద్రం మీదుగానే పోవాలి. కిటికీ పక్కన సీటే ఇచ్చారు. చూడలేదు.

కలికిరి

రెండేళ్ళకు సెలవు దొరికింది. ఉత్తరాల్లో మా అమ్మ రాయించిన ముక్కలు తప్ప ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. రెడ్డెమ్మ ఫోన్‌కు వచ్చేది కాదు. ఇంటికి వచ్చేసరికి ఆమె మూడు ఆవులు పెట్టుకుని పాలు పోస్తోంది. నాకు నీళ్ళు ఇచ్చింది, అన్నం పెట్టింది. ఎదురుగా కూర్చుని తింటుంటే చూసింది. మాటలు మాత్రం పశువుల గురించి, వాన గురించి.

మిగతాది అమ్మ చెప్పింది. గంగులమ్మ మాట ప్రకారం రెడ్డెమ్మను ఇంటికి తెచ్చింది. ఇద్దరూ ముందు వంక గట్టుకే పోయారట, హేమను పూడ్చిన చోటికి. సాయంత్రం దాకా రాలేదు. ఇంటికి వచ్చాక రెడ్డెమ్మ మంచం దిగలేదు. మా అమ్మ పెడితే తినలేదు, వాళ్ళ నాయన పిలిస్తే పలకలేదు. గంగులమ్మ పోతానని సంచి తీస్తే చాలు, ఆమె కొంగు పట్టుకుని వదిలేది కాదు. గంగులమ్మ ఈ రోజు, రేపు అనుకుంటూ ఆగిపోయింది. ఆమె మొగుడు కలికిరి నుంచి వచ్చి, వాకిట్లోనే గొడవపడి పోయాడు. అప్పుడూ కదల్లేదు. రెడ్డెమ్మ తనంతట తాను లేచి మా అమ్మ పెంచే ఆవు పేడకళ్ళు ఎత్తిన రోజు గానీ బస్సెక్కలేదు. అప్పటికి ఆమె సెలవు సగానికి పైగా అయిపోయింది.

"ఆ మహాతల్లి సెలవుకు వచ్చిండాదేమో, ఒకసారి పోయి మొక్కి వద్దాం" అన్నాను రెడ్డెమ్మతో. కాదనలేదు. ఒక టిన్ను నిండా నెయ్యి పోసుకుంది. మదనపల్లెలో బస్సు మారి కలికిరి పోయాం.

ఊరి చివర రేకుల ఇల్లు. అరుగు మీద ఒక ఆడపిల్ల చెనిక్కాయలు ఒలుస్తూ కూర్చుని ఉంది. పన్నెండేళ్ళుంటాయి. గంగులమ్మ కూతురని ముక్కు చూసి పోల్చుకున్నాను.

"అమ్మ ఉండాదా పాపా?"

"లేదు. మాయమ్మ కువైటులో ఉండాది. రెండేండ్ల కింద వచ్చి పొయ్యింది, మల్లా రాలేదు. ఎవురు మీరు?"

పుంగనూరు నుంచి వచ్చామని చెప్పాను. ఆ పిల్ల ఒలవడం ఆపింది. రెడ్డెమ్మను చాలాసేపు చూసింది.

"మాయమ్మ వచ్చినప్పుడు చానా దినాలు మీ ఇంటికాడనే ఉండిందంట గదా."

కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేది. నెయ్యి టిన్ను చేతిలో పట్టుకుని నేను అట్లాగే నిలబడ్డాను. రెడ్డెమ్మ అరుగెక్కి ఆ పిల్ల పక్కన కూర్చుంది.

"అవునమ్మా. మా ఇంటికాడనే ఉండింది" అంది.

"మీ ఇంట్లో ఏం జేస్తా ఉండె?"

"నాకు తల దువ్వే. గంజి కాసి తాపే."

"ఇంగ?"

"నా పక్కలోనే పండుకునే. నడి రేత్రి నేను లేస్తే తనూ లేసే."

"ఇంగ?"

"ఆవుకు కుడితి పెట్టే. మా యత్తకు మోకాళ్ళకు నూనె రాసే. పాట పాడే."

"ఏం పాట?"

రెడ్డెమ్మ ఆ పాట గొంతులోనే అని చూపించింది. ఇంటికి వచ్చాక నేను విన్న మొదటి పాట అది. ఆ పిల్ల రెండు చేతుల్లో గడ్డం పెట్టుకుని విన్నది. వాళ్ళమ్మ ఎట్లా నవ్వేదో, సంగటి ముద్ద ఎట్లా కట్టేదో, ఏ చీర కట్టుకునేదో, తమను తలుచుకునేదా లేదా, అన్నీ అడిగింది. గుర్తున్నవన్నీ రెడ్డెమ్మ చెప్పింది. అరుగు మీది ఎండ వాకిట్లోకి దిగిపోయింది. గుర్తున్నవి అయిపోయాయి.

"ఇంగ?" అంది ఆ పిల్ల.

రెడ్డెమ్మ, ఇంకేమన్నా ఉంటే చెప్పమన్నట్టు, నా వైపు చూసింది. ఆ రోజుల్లో నేను అక్కడ లేను.